వేలు చూపిన పిందెలు

మొన్న ఆదివారం ఉదయం మా మనవరాలు తన ఇంగ్లీషు అభ్యాస పుస్తకం తెచ్చి నా ముందు పరిచింది. పుటకు ఎడమవైపు ఒక గుమ్మడికాయ బొమ్మ, కుడివైపు మరొక గుమ్మడికాయ బొమ్మ. ఎడమదాని కింద 'దిస్' అనీ, కుడిదాని కింద 'దట్' అనీ రాయాలట.

"అమ్మమ్మా, రెండూ ఈడనే ఉండాయి గదా. ఒకటి దిస్ ఎట్టా అయింది, ఇంకోటి దట్ ఎట్టా అయింది?" అని అడిగింది.

ఆ పుస్తకం కూర్చినవారికి తట్టని సందేహం ఎనిమిదేళ్ల పిల్లకు తట్టింది. జానెడు ఎడంలో అచ్చువేసిన రెండు బొమ్మల్లో ఒకటి దగ్గరిదనీ, ఒకటి దూరానిదనీ నమ్మమనడం పిల్లల తెలివిని అవమానించడమే. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు బోధించినదాన్ని గనుక ఊరుకోలేక, ఈ పుస్తకాల విషయమై వాళ్ల బడికి ఇదివరకే మూడు ఉత్తరాలు రాశాను. నకళ్లు వరుసగా నా వద్ద భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు. నాలుగోది రాయడానికి కాగితం తీసి, మళ్లీ పక్కన పెట్టి, పిల్లను పెరట్లోకి తీసుకుపోయాను.

మా పెరటి గుమ్మడి తీగ ప్రహరీ ఎక్కి పక్కింటివారి రేకుల కప్పు మీదికి పాకింది. గోడ మీది పిందెను తాకించి "దిస్" అనిపించాను. రేకుల మీది పిందె వైపు చేయి చాచమన్నాను. పిల్ల మునివేళ్ల మీద నిలబడి, వేలు సాచి, "దట్ ఈజ్ ఎ పంప్‌కిన్!" అని గట్టిగా అరిచింది.

గోడ అవతల గిన్నెలు తోముతున్న పక్కింటి కోడలు ఉలిక్కిపడి తలెత్తింది.

"అట్టా వేలు జూపబాక పాపా! పిందె రాలిపోద్ది!"

చాచిన వేలును పిల్ల చటుక్కున వెనక్కి లాక్కుంది. నేను ఇంట్లోకి వెళ్లి, ఇనుప పెట్టె అడుగు నుంచి గోధుమరంగు అట్ట ఉన్న ఒక నోటుపుస్తకం బయటికి తీశాను. నేను రాసి దాచిన పుస్తకాల్లో అది మొదటిది. అట్ట చెదలు కొరికినా లోపలి పుటలు నిలిచాయి.

*

వాకాడుకు తూర్పున, కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుకనేలలో మా ఊరు. గాలి తిరిగిన పూట ఇంట్లోకి ఉప్పువాసన వచ్చేది, వానపట్టిన పూట తడిసిన వరిగడ్డి వాసన. మా వాకిట్లో రెండు గుమ్మడి తీగలుండేవి. ఒకటి పశువుల కొట్టం కప్పు మీద, ఒకటి కొంచెం ఎడంగా వరిగడ్డి వామి మీద. విత్తనం మా అవ్వ పుట్టింటిది. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. ఊళ్లో ఏ ఇంట పదిమంది కూర్చుని భోంచేసినా గుమ్మడికాయ పులుసు ఉండవలసిందే, కాయ మా అవ్వ తీగ నుంచి వెళ్లవలసిందే. బెల్లమూ చింతపండూ ఉడికే ఆ పులుసు వాసన వీధి మొగదల నుంచే తెలిసేది. "నా కాయ పోని పెండ్లి పెండ్లేనా?" అని ఆమె అనేది. మిగతా విషయాల్లో నెమ్మదస్తురాలు. తీగల జోలికి వస్తే మాత్రం పోట్లగిత్త.

అవ్వ ఎవరికీ పని ఆజ్ఞాపించేది కాదు. "పేడ ఎత్తుదామా?" అనేది. ఎత్తేది నేను. "వడ్లు ఎండబోద్దామా?" అనేది. ఎండబోసేది మా అమ్మ. "మజ్జిగ తాగుదామా?" అన్నప్పుడు మాత్రం తాగేది ఆమె. ఆ 'దాము'లో అవ్వ ఎక్కడుంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఊరి బడి అయిదో తరగతితో సరి. ఆరుకు కట్ట మీద రెండు మైళ్లు నడిచి పొరుగూరు పోవాలి. ఆ ఏడు మా ఊరి నుంచి ఆరో తరగతికి పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. సద్దిగిన్నెలో చద్దన్నం, మీద రెండు వేయించిన నెత్తళ్లు పెట్టుకుని పోయేదాన్ని. దారిలో ఎండుచేపల బుట్టతో ఎదురొచ్చే ఆమె రోజూ గిన్నెలోకి తొంగి చూసి, "నా చాపలే తింటా కలెక్టరు అయిపోతావు మే, అప్పుడు నన్ను మరిచిపోబాక" అని ఎకసెక్కెం ఆడేది.

ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన మనిషి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. నీలం అంచు తెల్లచీర కట్టేది. ఆదివారం ప్రార్థనకు పోయేది గనుక మా అవ్వ ఆమెను చూడకుండానే 'ప్రార్థనల పిల్ల' అని పేరు పెట్టేసింది. దసరా సెలవులు అయిపోగానే టీచరమ్మ మమ్మల్ని తరగతి గదిలో కూర్చోబెట్టడం మానేసింది. వరండాలోకి, కట్ట మీదికి, సరుగుడు తోపులోకి నడిపించేది.

ఆమె నియమాలు రెండే. చేయి తగిలితే తప్ప దేన్నీ 'దిస్' అనరాదు. చేయి పూర్తిగా చాచి, వేలితో చూపితే తప్ప దేన్నీ 'దట్' అనరాదు. "నోటితో కాదు, ముందు ఒంటితో నేర్చుకోండి" అనేది. ఇసుకలో గవ్వలు పోగేసి, వాటిమీద అరచేయి పెట్టించి 'దీజ్' చెప్పించింది. కాలువలో పోయే పడవల వైపు చేతులు చాపించి 'దోజ్' చెప్పించింది. గుంపుగా నిలబడి మేమంతా ఒకేసారి వేళ్లు చూపితే పడవవాళ్లు బెదిరి గడ ఆపేసేవాళ్లు.

ఇంకొక వింత. ఆమె మమ్మల్ని 'రండి, పొండి' అనలేదు. "లెట్ అస్ గో" అనేది, అని తాను ముందు నడిచేది. "షల్ వి కౌంట్?" అనేది, అని తానూ మాతోపాటు కింద కూర్చుని గవ్వలు ఏరేది. మా ఇంటి 'దాము'కు అలవాటుపడిన నాకు, ఆ మాట అన్న మనిషే చెయ్యి కలపడం నమ్మశక్యంగా ఉండేది కాదు.

*

కార్తీకంలో నాలుగు రోజులు ఎడతెగని ముసురు. బడి లేదు. వాన తెరిపి ఇచ్చిన సాయంత్రం, పాఠం మరిచిపోతానన్న బెంగతో, ఇంట్లో చూపడానికి తగినవేమున్నాయా అని వెతికాను. రెండు తీగల మీదా పిందెలు నిగనిగలాడుతున్నాయి. వాకిట్లో నిలబడి, నియమం తప్పకుండా చేయి చాచి, ఒక్కొక్క పిందెకూ వేలు చూపుతూ పాఠం అప్పజెప్పాను. "దట్ ఈజ్ ఎ పంప్‌కిన్. దోజ్ ఆర్ పంప్‌కిన్స్." అవ్వ వసారాలో కూర్చుని చూసింది. చూసి, దడాలున లేచింది.

"ఓసి నీ వేలిరగా! పిందెలకు వేలు జూపుతుండావా!"

మా వైపు పసిబిడ్డకైనా తెలిసిన సంగతి అది. పిందెకు వేలు చూపకూడదు. చూపితే కుళ్లి రాలుతుంది. చూపక తప్పకపోతే వేలు మడిచి, కణుపుతో చూపాలి. నాకూ తెలుసు. పాఠం ధ్యాసలో మరిచాను.

మూడు రోజుల్లో రెండు తీగల మీదా కలిపి అయిదు పిందెలు పసుపుబారి రాలాయి. అవ్వ వాటిని చేటలో పెట్టి, పొలం నుంచి వచ్చిన మా నాయన ముందు దించింది.

"చూడు నాయనా, నీ కూతురి ఇంగిలీసు. అది మూగోళ్ల బాసా ఏందిరా, ప్రతిదానికీ చెయ్యి జూపడానికి? మాటల్తో చెప్పుకోలేరా ఆ దొరలు?"

"చిన్నపిల్ల గదమ్మా, తెలీక..."

"తెలిసే జూపింది. ఇంక బడీ వద్దు, గిడీ వద్దు. అయిదు దాకా చదివింది చాలు. మిగిలిన పిందెలు నిలిస్తే చూద్దాం, నిలవకుంటే కోతలకు దాన్ని నాకాడ పనిలో పెట్టు."

తల్లి మాటకు ఎదురాడే అలవాటు మా నాయనకు లేదు. చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకుని, "మార్గశిర పున్నమి దాకా పోనీమ్మా. ఆనాటికి తీగ ఎట్టుంటే అట్టా" అన్నాడు. అంటే నా చదువు గుమ్మడి పిందెల తొడిమలకు వేలాడుతున్నదన్నమాట.

మర్నాడు కట్ట మీద ఏడుస్తూ నడిచి, టీచరమ్మకు జరిగింది జరిగినట్లు చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా కాలనీలో ఇంజను డ్యూటీకి పోయేవాళ్లను వెనకనించి పిలవరు. మా నాన్నను నేను ఒకసారి పిలిచినా. ఆయన తిరిగొచ్చిందాకా నేను అన్నం తినలేదు" అన్నది. తర్వాత, "వేలు చూపితే రాలతాయా అంటే నాకు తెలీదు. నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలీదు టీచర్."

"ఎవరూ చూపని ఏడు ఎన్ని రాలినాయో మీ అవ్వకు తెలుసా?"

"అవ్వ రాసిపెట్టదు టీచర్."

"అయితే రాద్దాం. కానీ మీ అవ్వ తీగ గదా. వాదించబాక, బతిమాలబాక. 'చేద్దామా' అని అడుగు. నువ్వు అన్నాక ముందు నువ్వు చెయ్యి కదిలించు. అప్పుడే ఆ మాటకు విలువ."

తన బల్ల సొరుగులోంచి గోధుమరంగు అట్ట నోటుపుస్తకం తీసి ఇచ్చింది.

*

ఆ సాయంత్రం అవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, మనం రాసి చూద్దామా?"

"మనమా? ఎవురు మే మనం?"

"నువ్వూ నేనూ. వామి మీద తీగ నాది, కొట్టం మీద తీగ నీది. ఇంకా పువ్వు విచ్చని పిందెలన్నిటికీ తాటాకు ముక్కలు కడదాం. నా తీగకు రోజూ వేలు చూపిస్తా. నీ దానికి ఎవ్వురూ చూపరు. పున్నమికి ఎవరివి ఎన్ని నిలిచినాయో చూద్దాం."

"నా విత్తనానికి పరీచ్చ పెడతావా?" అని అవ్వ కళ్లెర్ర చేసింది. అయితే ఆమెకు తన తీగ మీద ఉన్న నమ్మకం అంతకంటే పెద్దది. "పెట్టు. నా తీగలో ఒక్కటి రాలితే నన్నడుగు" అన్నది.

తాటాకు చీల్చి, మేకుతో అంకెలు గీకి, నారతో తొడిమలకు కట్టాను. నా తీగకు తొమ్మిది, అవ్వ తీగకు ఎనిమిది. అవ్వ తన కొట్టం మీద తెగిన చెప్పు వేలాడదీసింది. సున్నంబొట్లు పెట్టిన పాతకుండ బోర్లించింది. నేను రోజూ తెల్లవారగానే నిచ్చెన వేసుకుని పుస్తకం నింపేదాన్ని. పిందె అంకె, పువ్వు విచ్చిన రోజు, వేలు చూపానా లేదా, ఆ పూట వానా ఎండా, చివరికి ఏమైంది. వానా ఎండా అన్న వరుస టీచరమ్మ పెట్టించలేదు. పుట వెడల్పు మిగిలిందని నేనే గీశాను.

మొదటి వారంలోనే నా తీగ మీద మూడు రాలాయి. అవ్వ తీగ మీద ఒకటి. అవ్వ పులుసులోకి ముక్కలు తరుగుతూ చిన్నగా నవ్వింది, అంతే. ఆ నవ్వు నా నెత్తిన మొట్టినట్లయింది. పదిరోజులకు నావి నాలుగు, ఆమెవి రెండు.

ఒక మిట్టమధ్యాహ్నం. ఇంట్లోవాళ్లందరూ చేలో ఉన్నారు. నిచ్చెనను వామి నుంచి కొట్టానికి మార్చాను. అవ్వ తీగ మీది అయిదో అంకె పిందె నిమ్మపండంత ఉంది. చుట్టూ చూశాను. తుంచాను. వెచ్చగా, నూగునూగుగా అరచేతిలో ఉండింది. పేడదిబ్బలో పూడ్చి, చెయ్యి కడుక్కుని, పుస్తకంలో 'రాలింది' అని రాశాను. దస్తూరి చక్కగానే ఉంది.

వారానికొకసారి టీచరమ్మ పుస్తకం చూసేది. ఆమె వేలు పుట మీదుగా దిగి, ఆ వరుస దగ్గర ఆగింది. "లెట్ అస్ లుక్ ఎట్ దిస్ వన్ ఎగైన్" అన్నది. నేను తల వంచుకున్నాను. ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

*

మార్గశిర పున్నమినాటి ఉదయం మా నాయన వసారా అంచున కూర్చున్నాడు. అవ్వ కొత్త తాంబూలం వేసుకుని గోడకు ఆనుకుంది. "చదువు మే" అన్నది. అక్షరం రాని మా అవ్వ ముందు నేను ఒక్కొక్క పిందె కథా చదివాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. సగం దాకా వచ్చాక చెయ్యెత్తింది.

"ఆగు. రాలినవాటి పువ్వులు ఏ పూట విచ్చినాయి? అవి మాత్రం చెప్పు."

చెప్పాను. వాన. వాన. వాన. ఆమె తీగదీ వాన, నా తీగదీ వాన. నడుమ వచ్చిన ఒక్క 'ఎండ'ను వడిగా దాటేశాను.

"వాన పూట తుమ్మెద ఎట్టా వస్తాదిరా?" అని అవ్వ మా నాయన వైపు తిరిగింది. "తుమ్మెద రాకుంటే ఆడపువ్వుకు పిందె నిలవదు. మా అమ్మ చెప్తా ఉండె. నేను మరిచినా. మొదట రాలిన అయిదూ గూడా ముసురులో విచ్చినవే గదా!"

మా నాయన ముఖం విప్పారింది. "అయితే వేలు తప్పు లేదన్నమాటేనా అమ్మా?"

నేను గెలిచాను. పుస్తకం మూయబోయాను.

"నా తీగలో అయిదోది మళ్లీ చదువు" అన్నది అవ్వ.

"ఎండ. రాలింది."

"ఆ పువ్వు నాకు గుర్తుండాది. తుమ్మెద దూరి ఒళ్లంతా పసుపు పూసుకొని బయటికొచ్చింది. నిలవాల్సిన పిందె. తాటాకు తీయను పోయినప్పుడు తొడిమ జూసినా. రాలిన తొడిమ ఎండి ఉంటాది. అది తడిగా ఉండె."

కొట్టంలో పుల్లావు మెడగంట ఒకసారి మోగింది. మా నాయన నా ముఖం చూసి, చూపు తిప్పుకుని, "కాకి పొడిచిందేమోలేమ్మా" అన్నాడు.

ఆయన నాకోసం తెరిచిన తలుపు అది. ఆ కాకిని పట్టుకుంటే బడికి పోవచ్చు. పుస్తకంలో ఇంకొక ముక్క రాస్తే సరిపోతుంది.

"కాదు నాయనా. నేనే తుంచినా" అన్నాను.

అవ్వ అరవలేదు. "పుస్తకంలో ఏమని రాసినావు?" అని అడిగింది.

"రాలింది అని."

"కొట్టెయ్."

కొట్టేశాను. గీత వంకరపోయింది. పక్కన 'నేను తుంచినాను' అని రాసి, పైకి చదివాను.

అవ్వ తాంబూలం వాకిట్లో ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చుంది. "ఆ పుస్తకం లేకుంటే నేను దీని వేలిని తిట్టుకుంటానే ఉందును" అని మా నాయనతో అన్నది. తర్వాత నా వైపు చూసింది. "దొంగ పని చేసినావు. దొంగ రాత రాసినావు. నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు గనక రేపు బడికి పో. వేలు మాత్రం మడిచి జూపు. నీ టీచరమ్మకు గూడా చెప్పు."

మర్నాడు నిలిచిన కాయల్లో ఒక లేతది కోసి, కొంగుచింపి కట్టి నా చేతికిచ్చింది, ఆ ప్రార్థనల పిల్లకు ఇమ్మని. టీచరమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆనాటి నుంచి మా తరగతి పిల్లలందరం పిందెలకూ పసిపాపలకూ వేలు మడిచి 'దట్' అనేవాళ్లం. ఆమె ఒప్పుకున్నది.

పుస్తకంలో ఒక పిందె వాన పూట విచ్చి కూడా నిలిచినట్లు ఉంది. ఎందుకు నిలిచిందో అవ్వకూ తెలియలేదు, టీచరమ్మకూ తెలియలేదు. 'తెలియదు' అనే రాసి ఉంది. మరుసటి ఏడు పువ్వు విచ్చే కాలానికి అవ్వ నన్ను తెల్లవారుజామున తట్టి లేపింది. "రాద్దామా మే?" అన్నది. లేచి చూసేసరికి నిచ్చెన తానే మోసుకుపోయి కొట్టానికి ఆనించి, దాని కాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నది.

ఆ కొట్టం ఉన్నచోట ఇప్పుడు రొయ్యల గుంట. వామి లేదు. సరుగుడు తోపు లేదు. అవ్వ విత్తనం కూడా నా అజాగ్రత్త వల్ల ఏదో ఒక ఏడు పురుగుపట్టి పోయింది. ఏ ఏడన్నది మాత్రం నేను రాసిపెట్టలేదు. అది నా తప్పు.

*

ఇదంతా తలపోస్తూ పుస్తకంతో మళ్లీ పెరట్లోకి వచ్చేసరికి పక్కింటి కోడలు గోడ దగ్గరే ఉంది. పెద్దదాన్ని, నేనేమైనా అంటానేమోనని జంకుతున్నట్లుంది.

"అమ్మాయీ, గోడకు ఇవతలివి మావి, అవతలివి నీవి. తాటాకు లేదు గానీ అట్టముక్కలున్నాయి. రాసి చూద్దామా?" అన్నాను.

"మనమా పెద్దమ్మా?" అని నవ్వింది. నవ్వుతూనే చేతులు తుడుచుకుని కత్తెర తేవడానికి లోపలికి పోయింది.

నేను వరుసలు గీయడానికి కూర్చున్నాను. బడికి నాలుగో ఉత్తరం కూడా రాస్తాను. ఈసారి మా పిల్ల నింపబోయే పుట నకలు జతచేసి రాస్తాను. జవాబు రాకపోతే అయిదోది.

మనవరాలు పాత పుస్తకం తిరగేస్తున్నది. "అమ్మమ్మా, అన్నీ ముత్యాల్లా రాసి ఉండాయి. ఇదొక్కటి కొట్టేసి ఉండాదేంది?" అని వేలు మడిచి చూపింది. ఎవరు నేర్పారో అంతలోనే.

ఇన్నేళ్లలో ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు తెరిచాను. ఆ వరుసను దూరం నుంచే చూసి పుట తిప్పేశాను. చేయి తగిలితేనే ఆ మాట అనాలన్నది టీచరమ్మ నియమం. వంకరపోయిన ఆ గీత మీద నా వేలు ఆనించాను. కాగితం అక్కడ కాస్త గరుకుగా ఉంది.

"దిస్" అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్లు చెప్పాను.